మొగ దాటే ముందు తెర మీది అంకెల్ని ఎలా చదవాలి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

లాప్‌టాప్‌లో ఓపెన్‌సీపీఎన్ అనే సముద్ర పటాల సాఫ్ట్‌వేర్ వేసుకున్నావనీ, కాకినాడ పోటుపాట్ల గీత తెర మీద కనబడుతోందనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. బోటు నడిపే సరంగు పక్కన ఏళ్ళ తరబడి నిలబడితే తప్ప చేతికి రాని సంగతులు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. వాడుకోవాల్సిందే. కానీ ఆ గీత ఒక్కటే చూసుకుని గోదావరి సముద్రంలో కలిసే భైరవపాలెం మొగలోంచి బోటు తీస్తానన్నావట. అక్కడ మాత్రం ఆగు. తెర మీద కనిపించే ప్రతి అంకె ఏ చోటిదో, ఏ మట్టం నుంచి కొలిచిందో, ఏ గడియారం ప్రకారం చెప్తోందో తెలిశాకే దాన్ని నమ్మాలి.

ముందు ఆ గీత ఎలా పుడుతుందో తెలుసుకో. సాఫ్ట్‌వేర్‌కి సముద్రం కనబడదు. ఒక రేవులో చాలాకాలం నీటిమట్టం కొలిచి, చంద్రుడి వల్ల ఎంత ఎక్కుతోంది, సూర్యుడి వల్ల ఎంత ఎక్కుతోంది అని విడదీసి రాసిపెట్టుకుంటారు. చంద్రుడి పోటు సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తుంది, సూర్యుడిది 12 గంటలకోసారి. రెండూ కలిసినప్పుడు అమావాస్య, పౌర్ణమి పోట్లు. ఒకదానికొకటి అడ్డుపడినప్పుడు అష్టమి రోజుల్లో వచ్చే చిన్న పోట్లు. ఇలాంటి లెక్కలు డజన్ల కొద్దీ కూడితే నీ గీత తయారవుతుంది. మన దేశపు రేవుల కోసం 1879లోనే లండన్‌లో ఇదే కూడిక చేసే కప్పీల యంత్రాన్ని కట్టారు. తిథి చూసి పోటు వేళ చెప్పే మన పెద్దవాళ్ళు రోజుకి రెండు గడియలు కలుపుకుంటారు కదా, అంటే 48 నిమిషాలు. కంప్యూటర్ లెక్కలో పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఇంట్లో తిథి లెక్క తెలిసిన వాళ్ళని వదులుకోకు. తెర తప్పు చెప్తే మొదట పట్టుకునేది వాళ్ళే.

ఉచితంగా దొరికే పోటు ఫైళ్ళు అధికారికమైనవి కావు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే పోటుపాట్ల పట్టిక ఒకటి సంపాదించు. అమావాస్యకి అటూ ఇటూ కొన్ని రోజులు, అష్టమికి అటూ ఇటూ కొన్ని రోజులు, కాకినాడ పట్టికనీ నీ గీతనీ పక్కపక్కన పెట్టి చూడు. తేడా సరిగ్గా అయిదున్నర గంటలుంటే ఫైలుది తప్పు కాదు, నీ సాఫ్ట్‌వేర్ గ్రీనిచ్ టైమ్ చూపిస్తోంది, సెట్టింగ్స్‌లో మన టైమ్‌కి మార్చుకో. వేళ కలిసి ఎత్తులో మాత్రం రోజూ ఒకే తేడా వస్తుంటే రెండూ వేరువేరు మట్టాల నుంచి కొలుస్తున్నాయని అర్థం. ఆ తేడా రాసుకుని కలుపుకుంటే సరిపోతుంది. వేళ ఒకరోజు ముందు, ఇంకోరోజు వెనక అవుతూ ఉంటే ఆ ఫైలు పనికిరాదు, తీసేయ్. దాన్ని సరిచేయాలని కూర్చోవద్దు.

మట్టం సంగతి కాస్త నిదానంగా చదువు. పటంలో ఒకచోట 2 మీటర్లు అని ఉంటే, నీళ్ళు బాగా దిగిపోయినప్పటి మట్టం నుంచి కొలిచిన లోతు అది. ఆ గంటకి పోటు గీత 0.9 అని చూపిస్తే మొత్తం 2.9 మీటర్లు ఉండాలి. 'ఉండాలి' అని ఎందుకంటున్నానంటే, ఆ 2 మీటర్లు ఎవరో ఒక ఏడాది కొలిచినవి. గోదావరి వరదకి మొగలో ఇసుక జరుగుతూనే ఉంటుంది. నిరుడు పడవ తిరిగిన చోట ఈ ఏడు మేట వేసి ఉండొచ్చు. హోప్ ఐలాండ్ అలా పేరుకున్న ఇసుకే కదా. రేవు బయట, లోతు నీళ్ళలో పటాన్ని నమ్ము. మొగలోనూ కోరింగ పాయల్లోనూ తాడుకి గుండు కట్టి బారల్లో చూసుకో, లేదా శబ్దంతో లోతు కొలిచే ఎకో సౌండర్ పెట్టుకో. ఇంకో సంగతి, పటాన్ని మరీ దగ్గరికి లాగి చూడకు. ఎంత పెద్దది చేసినా అందులో కొలవని లోతు కొత్తగా రాదు. పటంలోని ఒడ్డు గీతకి అయిదు మీటర్ల అవతల ఉన్నానని బోటు గుర్తు చూపిస్తుంది కానీ ఆ గీతే వంద మీటర్లు పక్కకి ఉండొచ్చు.

ఇక అసలు విషయం. నీ గీత కాకినాడది. మొగ నుంచి లోపల యానాం వైపుకి నీరు ఎక్కేసరికి ఆలస్యమవుతుంది. నదిలో పోటు తొందరగా ఎక్కి పాటు నెమ్మదిగా దిగుతుంది కూడా. ఆ ఆలస్యం ఎంతో ఏ సాఫ్ట్‌వేరూ నీకు చెప్పదు, నువ్వే కనిపెట్టాలి. మీ రేవు దగ్గర గట్టి వాసం ఒకటి పాతి పది సెంటీమీటర్లకోసారి రంగు గీత పెట్టు. రోజూ నిండు పోటు కంటికి ఎన్నింటికి కనిపించిందో నోట్‌బుక్‌లో రాయి. పక్కనే కాకినాడకి సాఫ్ట్‌వేర్ చెప్పిన వేళ, తిథి, గాలి ఎటు నుంచి ఉంది, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి నీళ్ళు వదులుతున్నారా లేదా రాయి. పదిహేను రోజులకే ఒక తేడా తేలుతుంది. ఆ తేడాయే నీ సొంత పోటు పట్టిక. నా మాట విని ఇదొక్కటైనా చెయ్యి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది కదా, ఆ 61 రోజులు దీనికి సరిపోతాయి.

వరద రోజుల్లో మాత్రం ఆ నోట్‌బుక్ కూడా పక్కన పెట్టు. చంద్రుడి లెక్క వేసే ప్రోగ్రాముకి బ్యారేజీ గేట్లు ఎత్తారని తెలియదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. అంత నీరు దిగుతుంటే గీత పోటు అని చెప్తున్నా మొగలో ప్రవాహం సముద్రం వైపే ఉండొచ్చు. అలాగే వాయుగుండం పట్టినప్పుడు గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. తీరం మీదికి వీచే గాలి ఇంకా తోస్తుంది. మన తీరంలో మామూలుగానే అక్టోబరు, నవంబరుల్లో సముద్రమట్టం ఎక్కువ, ఫిబ్రవరి, మార్చిల్లో తక్కువ. కార్తీకంలో తేలిగ్గా దాటిన మేట మీద మాఘంలో బోటు అడుగు తగలొచ్చు.

మొగ దాటడం ఎప్పుడూ పోటు ఎక్కుతుండగానే పెట్టుకో, నిండడానికి గంట ముందైతే మంచిది. అప్పుడు ఇసుకలో దిగినా కాసేపటికి నీరే లేపుతుంది. పాటు మొదలయ్యాక దిగితే మళ్ళీ పోటు వచ్చేదాకా కదలవు, అమావాస్య నిండు పోటు మీద ఎక్కి దిగబడితే రోజులు పట్టొచ్చు. ఇంకా పెద్ద ప్రమాదం వేరే ఉంది. పాటు నీరు బయటికి పోతూ ఎదురొచ్చే కెరటాన్ని ఢీకొంటే మొగలో అల నిలువుగా లేచి విరుగుతుంది. ఫైబర్ బోటు తిరగబడేది అక్కడే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ అలల ఎత్తు, గాలి అంచనా ఇస్తుంది. పోటు గీతతో పాటు దాన్నీ చూడు. రెండిట్లో ఏది బాగాలేకపోయినా ఆ పూట వేట మానెయ్.

క్షేమంగా దాటిన రోజు బోటు నడిచిన దారిని సాఫ్ట్‌వేర్‌లో దాచిపెట్టుకో, తేదీతో సహా పేరు పెట్టు. వచ్చే పోటుకి ఆ దారే పనికొస్తుంది. వరద వచ్చి వెళ్ళాక పాత దారులన్నీ తీసేయ్, ఉంటే మనసు వాటి వైపే పోతుంది.

స్థానం రాసే పద్ధతి అందరూ ఒకేలా పెట్టుకోండి. 16 డిగ్రీల 56.50 నిమిషాలు వేరు, 16 డిగ్రీల 56 నిమిషాల 50 సెకన్లు వేరు. ఈ రెండింటికీ తేడా 600 మీటర్ల పైనే. నీ తమ్ముడి ఫోన్లో ఒకటి, నీ లాప్‌టాప్‌లో ఇంకొకటి ఉంటే రాత్రిపూట ఒకరినొకరు వెతుక్కోలేరు. అలాగే ఆయిల్ రిగ్గుల చుట్టూ 500 మీటర్ల లోపలికి వెళ్ళకూడదని తెలుసు కదా, వాటి గుర్తుల చుట్టూ 0.27 మైళ్ళ వలయం గీసి పెట్టుకో. తెర మీద నాటికల్ మైళ్ళే కనిపిస్తాయి, మైలుకి 1852 మీటర్లు.

లాప్‌టాప్‌ని దిక్సూచి పక్కన పెట్టకు, స్పీకర్లలో అయస్కాంతం ఉంటుంది, సూది పక్కకి పోతుంది. ఉప్పు గాలి తగలకుండా కవరులో పెట్టు. అది ఆగిపోయిన రోజు కోసం ఫోన్లో కూడా పటాలు ముందే దింపుకుని ఉంచు. కోస్ట్ గార్డ్ నంబరు 1554. సరంగుకీ కళాసీలకీ అందరికీ నోటికి రావాలి.

బయలుదేరే ముందు మొగ దాటే వేళ, తిరిగి ఏ పోటుకి లోపలికి వస్తావో ఒక కాగితం మీద రాసి మీ అమ్మ చేతికి ఇవ్వు. ఈ అమావాస్య నుంచే వాసం దగ్గర రాయడం మొదలుపెట్టు. పదిహేను రోజులయ్యాక ఆ పేజీలు ఫోటో తీసి నాకు పంపు, కూర్చుని చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య