కంట్రోల్-సి ఎవరూ నొక్కలేదట!

ప్రశ్న: పత్తి యార్డు ధరల ఫైళ్లు సర్దే బాష్ స్క్రిప్టు మా లైనక్స్ సర్వర్‌లో టీమక్స్ సెషన్‌లో (లాగౌట్ అయినా ఆగకుండా నడిచే, మళ్లీ అటాచ్ కాగల టెర్మినల్‌లో) రాత్రంతా నడుస్తుంది. అప్పుడప్పుడు 130 ముగింపు కోడ్‌తో ఆగిపోయేది. సిగ్నల్‌ను పట్టుకునే ట్రాప్ పెడితే సిగ్‌ఇంట్ (కంట్రోల్-సి నొక్కితే వెళ్లే ఆపు సిగ్నల్) వచ్చినట్టు లాగ్‌లో పడింది. కంట్రోల్-సి నొక్కలేదని అందరూ అంటున్నారు. పంపిందెవరో పట్టుకోవడం ఎలా?
- ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: సిగ్నల్ వల్ల ఆగితే 128కి ఆ సిగ్నల్ నంబరు కలిపిన కోడ్ వస్తుంది. సిగ్‌ఇంట్ నంబరు 2 కలిపితే 130. అక్కడిదాకా మీరు సరిగ్గానే వచ్చారు. 137 వచ్చి ఉంటే కథ వేరు: అది బలవంతంగా చంపే సిగ్‌కిల్, ఏ ట్రాప్‌కూ చిక్కదు, మెమరీ చాలక కెర్నెలే (లైనక్స్ మూల భాగమే) చంపిందేమో కెర్నెల్ లాగ్‌లో చూడాలి.

పంపిన ప్రాసెస్ నంబరు సిగ్నల్‌తోపాటే వస్తుంది. బాష్ ట్రాప్ దాన్ని బయటపెట్టదు, అంతే. పైగా నడుస్తున్న కమాండ్ ముగిసేదాకా బాష్ ట్రాప్ జోలికి పోదు. 2 గంటలకొచ్చిన సిగ్నల్ లాగ్‌లో రెండుంబావుకు పడొచ్చు. ఆ టైము పట్టుకుని క్రాన్ పనుల్లో (పెట్టిన టైముకు వాటంతటవే నడిచేవాటిలో) వెతికితే దొంగ దొరకడు.

వేరే విండోలో స్ట్రేస్‌ను (ప్రాసెస్‌కు వచ్చే సిగ్నళ్లు చూపే పనిముట్టును) సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో నడపండి. -పి తర్వాత స్క్రిప్టు ప్రాసెస్ నంబరు, -ఓ తర్వాత ఫైలు పేరు ఇవ్వండి. -ఎఫ్ పెడితే పిల్ల ప్రాసెస్‌లూ వస్తాయి, -టిటి పెడితే అసలు టైము పడుతుంది. -ఇ ట్రేస్=నన్ అంటే సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాం కెర్నెల్‌ను చేసే అభ్యర్థనలు) గోల తప్పి సిగ్నళ్లే మిగులుతాయి. స్క్రిప్టు కాస్త నెమ్మదిస్తుంది, ఓర్చుకోవాలి.

సిగ్‌ఇంట్ వరుసలో ముందు ఎస్ఐ_కోడ్ (సిగ్నల్ ఎలా వచ్చిందో చెప్పేది) చూడండి. ఎస్ఐ_కెర్నెల్ అని ఉంటే టెర్మినల్ నుంచే వచ్చింది: ఎవరో అదే సెషన్‌కు అటాచ్ అయి, లాగ్ చూడ్డం ముగిద్దామని కంట్రోల్-సి నొక్కి ఉంటారు. స్క్రిప్టును టెర్మినల్ లేకుండా వెనక నడిచే సిస్టమ్‌డి సర్వీసుగా మార్చేస్తే ఆ బెడద ఉండదు. ఎస్ఐ_యూజర్ అని ఉంటే ఇంకో ప్రోగ్రాం పంపింది. పక్కనే ఎస్ఐ_పిఐడి (పంపిన ప్రాసెస్ నంబరు), ఎస్ఐ_యుఐడి (దాని యూజర్ నంబరు) ఉంటాయి.

చిక్కేమిటంటే, తెల్లారి పిఎస్ కమాండ్ ఇచ్చే ప్రాసెస్‌ల జాబితాలో వెతికేసరికి ఆ ప్రాసెస్ ఉండదు. అందుకే ఆడిట్‌డి (ఎవరేం చేశారో రికార్డు చేసే సర్వీసు) ఉన్న సర్వర్‌లో ఆడిట్‌సిటిఎల్ కమాండ్‌తో, సిగ్నల్ పంపే కిల్ సిస్టమ్ కాల్‌పై ఏ1=2 షరతుతో (సిగ్నల్ నంబరు 2 అయితేనే అని) రూలు వేసి, ఒక కీ పేరు ఇచ్చి ఉంచండి. ఆ కీతో ఏయూసెర్చ్ కమాండ్‌తో ఆ రికార్డుల్లో వెతికితే పంపిన ప్రోగ్రాం పేరు, దాని తల్లి ప్రాసెస్ నంబరు, ఏయుఐడి దొరుకుతాయి. సుడో వెనక దాక్కున్నా మొదట లాగిన్ అయిన మనిషి ఎవరో ఏయుఐడి చెప్పేస్తుంది.

అక్కడ పికిల్ (పేరును బట్టి ప్రాసెస్‌లకు సిగ్నల్ పంపే కమాండ్) అని కనిపిస్తే, -ఎఫ్‌తో వాడారేమో చూడండి. అది కమాండ్ లైన్ మొత్తంలో వెతుకుతుంది. 'ధరలు' అన్న ముక్క ఇస్తే ఆ పేరున్న మీ స్క్రిప్టునూ పడగొడుతుంది. ఆ రాసినవాళ్లతో ప్యాటర్న్‌లో పూర్తి పాత్ పెట్టించండి.