పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలో మీ అనుభవం ఏమిటి? ఎన్ని కోడింగ్ ప్రాబ్లమ్స్ చేసి వెళ్లాలి?

నాది ఐదు రౌండ్ల అనుభవం. ఉద్యోగం రాలేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది.

నాలుగు నెలలు కూర్చుని మూడు వందలకు పైగా ప్రాబ్లమ్స్ చేసి వెళ్లాను. రెండో రౌండ్‌లో ఇంటర్వ్యూ చేసినాయన అడిగింది బైనరీ సెర్చ్, అంటే వరుసక్రమంలో పేర్చిన జాబితాను (అర్రే) ప్రతిసారీ సగానికి తగ్గించుకుంటూ కావాల్సింది వెతకడం. కాలేజీలో మొట్టమొదట చెప్పే పాఠం. లోపల నవ్వుకుంటూ ఐదు నిమిషాల్లో జావా ప్రోగ్రామింగ్ భాషలో రాసేశాను. వెతికే భాగంలో మొదటి స్థానం 'లో', చివరిది 'హై'; రెండూ కూడి సగం చేస్తే మధ్య స్థానం, అంతే కదా.

"ఇది ఎప్పుడూ పనిచేస్తుందా?" అన్నారాయన.

అక్కడ నా నోరు పడిపోయింది. కోడ్ వైపే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు, నాకైతే అరగంటలా ఉంది. చివరికి ఆయనే, "అర్రేలో 150 కోట్ల ఎలిమెంట్స్ ఉంటే?" అని అందించారు. అప్పుడు వెలిగింది. జావాలో పూర్ణాంకాలు దాచే 'ఇంట్'లో 214 కోట్ల చిల్లర దాటితే పట్టదు. 'లో' 120 కోట్లు, 'హై' 150 కోట్లు అయ్యిందంటే కూడిక పొంగిపోయి మైనస్‌లోకి వెళ్తుంది. రెండింటి తేడాను సగం చేసి 'లో'కి కలిపితే సరిపోయేది.

"అందరూ ఇలాగే రాస్తారండీ" అన్నాను, చిన్నపిల్లాడిలా. ఆయన నవ్వి, జావాతో పాటు వచ్చే రెడీమేడ్ కోడ్‌లోనే (లైబ్రరీ) ఇదే తప్పు ఏళ్ల తరబడి ఉండేదని, ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ 2006లో తనే ఆ సంగతి బయటపెట్టారని చెప్పారు.

కాబట్టి బగ్ రాసినందుకు నన్ను తీసేశారని నేననుకోను. అంతసేపు మూగనోము పట్టినందుకే తీసేశారు. ఫీడ్‌బ్యాక్ ఏమీ ఇవ్వలేదు గానీ ఇది మాత్రం ఖాయం.

మేనేజర్ రౌండ్ ఇంకో విచిత్రం. తోటి ఉద్యోగితో గొడవ పడిన సందర్భం చెప్పమంటారు. ఉన్నది చెబితే గొడవల మనిషి, లేదంటే అబద్ధాలకోరు. అందరూ ఒక కథ అల్లుకుని వెళ్తారు, వినేవాళ్లకీ ఆ సంగతి తెలుసు. నేను నిజాయితీగా "ఎప్పుడూ పడలేదండీ" అన్నాను. అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

ఇక రిక్రూటర్ సంగతి. ఇంటర్వ్యూకి ముందు రోజుకు రెండు ఫోన్లు. ఐదో రౌండ్ అయ్యాక నేను చేస్తే ఎత్తడు. ఆరు వారాలకు ఒక మెయిల్, దీనికి రిప్లై ఇవ్వొద్దని కింద రాసి మరీ. కాదనే మాట మర్నాడే చెప్పడానికి ఏం రోగం?

సరే, మీ ప్రశ్నకొస్తే, మూడు వందలు నాలుగు వందలు చేయడం దండగ. చేసినవాటిలోంచే ఓ పది తీసుకుని, బుర్రలో తిరుగుతున్నదంతా పైకి గట్టిగా చెబుతూ రాయండి. మొదట్లో సిగ్గేస్తుంది. తర్వాతి కంపెనీకి నేనలాగే గోడకు చెప్పుకుంటూ ప్రిపేర్ అయ్యాను. ఫోన్‌లో ఎవరితో అంతసేపు మాట్లాడుతున్నానోనని మా ఆవిడ రెండుసార్లు తలుపు తీసి చూసింది.