ఇందిరమ్మ ఇంటికి అప్లై చేసినా పేరు రాలేదు: నర్సంపేటల కిరాయికి ఉండేటోళ్లకు

అప్లై చేసినా పేరెందుకు రాలేదని అడిగినవు గద అన్నా, నీ అప్లికేషన్ యాడికీ పోలేదు, ఎల్-2ల పడి ఉంటది. అది జాగా లేనోళ్ల లిస్టు. మొదలు ఇండ్లు ఇచ్చింది సొంత జాగా ఉన్న ఎల్-1 వాళ్లకు. ఊళ్లె వదిన పేరు మీద జాగా ఉందన్నవు కదా, సర్వేకొచ్చినోళ్లు కిరాయి ఇల్లు చూసి జాగా లేదని రాసుకొని ఉండొచ్చు.

1. ఇందిరమ్మ ఇండ్ల వెబ్‌సైట్ల ఆధార్ నంబర్ కొట్టు.

2. సర్వే అయిందని కనవడంగనే అందరూ బంద్ చేస్తరు. అసలు చూడాల్సింది అది కాదు, ఏ లిస్టు అన్నది చూడు.

3. ఎల్-2 ఉంటే జాగా కాగితాలు, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులతోని ఎల్-1లకు మార్చమని అర్జీ పెట్టు. జాగా ఊళ్లె ఉంది కాబట్టి ఎంపీడీఓ ఆఫీసుల అడుగు.

4. కదలకపోతే సోమవారం కలెక్టరేట్ల అర్జీలు తీసుకునే ప్రజావాణిల ఇయ్యి. రసీదు లేకుండ రాకు.

పైసలిస్తే లిస్టు మారుస్తా అనేటోని మొఖం గూడ చూడకు.