వీఆర్‌చాట్‌లో ఫ్రెండ్స్ అవతార్లు తప్ప మిగతావి దాచే చిన్న టూల్ ఏదైనా ఉందా? వాడితే అకౌంట్‌కి ప్రమాదమా?

వీఆర్‌చాట్ అంటే జనం అవతార్ల (త్రీడీ బొమ్మల) రూపంలో కలుసుకునే ఆన్‌లైన్ గేమ్. అందులో జనం ఎక్కువున్న వరల్డ్‌లోకి (గదిలోకి) వెళ్ళగానే పీసీ చతికిలబడుతోంది, ఫ్రెండ్స్ మాత్రమే కనబడేలా చేసే టూల్ కావాలి అన్నారు. ఏడాదిన్నర క్రితం నాదీ ఇదే బాధ. క్వెస్ట్ 2 వీఆర్ హెడ్‌సెట్‌ని కేబుల్‌తో పీసీకి తగిలించి ఆడతాను. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1660 సూపర్, మెమరీ 6 జీబీ. శనివారం రాత్రి నలభై మంది ఉన్న గదిలో అడుగు పెడితే సెకనుకి 72 ఫ్రేములు కాస్తా 18కి పడిపోయేవి. తల తిప్పితే బొమ్మ వెనకాల వచ్చేది, కడుపులో తిప్పేసేది.

టూల్ కంటే ముందు సెట్టింగ్స్ చూడండి. ఎంత దూరం దాటితే అవతార్లు దాచాలి, ఒకేసారి ఎంతమందిని చూపించాలి అన్నవి గేమ్‌లోనే ఉన్నాయి. పెర్ఫార్మెన్స్ ర్యాంక్ (అవతార్ పీసీకి ఎంత బరువో గేమ్ ఇచ్చే గ్రేడు) 'వెరీ పూర్' అయిన అవతార్లను మొత్తంగా అడ్డుకునే వీలు కూడా ఉంది. పీసీలో టెక్స్‌చర్ మెమరీ (అవతార్ పైపూత బొమ్మలు కార్డులో తినే చోటు) 150 ఎంబీ దాటిందంటే అది వెరీ పూరే, ఆ పైన ర్యాంకుకి హద్దు లేదు. ఒక్కొక్కరు 200 ఎంబీ వేసుకుని నలభై మంది వస్తే 8 జీబీ. నా కార్డులో ఉన్నదే ఆరు.

నేను ఇవన్నీ పెట్టాను. అయినా పెద్దగా తేడా రాలేదు. ఎందుకో చాలా రోజులు అర్థం కాలేదు.

సంగతి ఏమిటంటే, ఎవరి మీదైనా 'షో అవతార్' నొక్కితే అది పెర్ఫార్మెన్స్ అడ్డుని దాటేస్తుంది. కొత్తలో నేను కనబడ్డవాళ్ళందరికీ నొక్కేశాను. ఒకసారి పలకరించి మళ్ళీ కలవని వాళ్ళు కూడా ఆ జాబితాలో అలాగే ఉండిపోయారు. నేను తరచూ వెళ్ళే గదుల్లో తిరిగేదీ వాళ్ళే మరి.

విండోస్‌లో ఆ జాబితా యాప్‌డేటా కింద 'LocalLow' అనే ఫోల్డర్లో, వీఆర్‌చాట్ లోపలి 'లోకల్ ప్లేయర్ మోడరేషన్స్' అనే ఫోల్డర్లో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైల్. లైనుకి ఒక మనిషి: ముందు యూజర్ ఐడీ, తర్వాత ఖాళీలు, చివర మూడంకెల కోడ్. 004 అంటే దాచు, 005 అంటే చూపించు. నా ఫైల్లో 005లు ఏడువందల పైచిలుకు ఉన్నాయి!

అందుకని పైథాన్‌లో పాతిక లైన్ల స్క్రిప్ట్ రాశాను. వీఆర్‌సీఎక్స్ (వీఆర్‌చాట్ ఫ్రెండ్స్‌ని చూసుకోవడానికి గేమ్ బయట నడిచే వేరే యాప్) నుంచి ఫ్రెండ్స్ జాబితా ఎగుమతి చేసి, అందులో లేని 005లను తీసేయడమే దాని పని. 004ల జోలికి పోదు. మొదటిసారి నడిపినప్పుడు మాత్రం నేనే కొంప ముంచుకున్నాను. ఐడీ, ఖాళీలు కలిపి 64 అక్షరాలు రావాలి. నేను లైన్‌ని విడగొట్టి మళ్ళీ కలిపేటప్పుడు ఒక్క ఖాళీయే పెట్టాను. తర్వాత గేమ్ తెరిస్తే నా ఎంపికలన్నీ మాయం. కళ్ళు బైర్లు కమ్మేలా లైట్లు మెరిపించే ఒకాయన్ని ఎప్పుడో దాచాను, ఆ రాత్రి సరిగ్గా నా ఎదురుగానే ప్రత్యక్షమయ్యాడు. కాబట్టి గేమ్ పూర్తిగా మూసేసి, ఫైల్‌ని పక్కన కాపీ పెట్టుకుని, అప్పుడే ముట్టుకోండి.

ఇప్పుడు అదే గదిలో 40 ఫ్రేములకి అటూ ఇటూగా వస్తోంది. డాలస్‌లో ఉండే మా బావ ఒక్కడి దగ్గర మాత్రం రాజీ పడ్డాను. పంచెకట్టు అవతార్ చేయించుకున్నాడు, కుచ్చిళ్ళు ఊగడానికే బోలెడు ఫిజ్‌బోన్స్ (బట్టలు, జుట్టు కదిలేలా చేసే భాగాలు) పెట్టించాడు. దాస్తే బూడిద రంగు రోబో కనబడుతుంది. దాచిన సంగతి అవతలివాళ్ళకి తెలియదు, బ్లాక్ చేస్తేనే ఇద్దరూ ఒకరికొకరు కనబడరు. అయినా రోబోతో "ఏం బావా" అనడానికి మనసొప్పలేదు.

ఇక అకౌంట్ భయం. 2022 జులైలో ఈజీ యాంటీ చీట్ (మోసాల్ని అడ్డుకునే సాఫ్ట్‌వేర్) వచ్చాక గేమ్‌లోకి చొరబడే మాడ్‌లు పనిచేయవు, అవి నిబంధనలకూ విరుద్ధం. ఎవరైనా "ఈ డీఎల్ఎల్ వేసుకోండి" అని అలాంటి మాడ్ ఫైల్ ఇస్తే వద్దు. బయట ఉన్న ఈ ఫైల్‌ని మార్చడం వల్ల నాకైతే ఇంతవరకూ ఏ ఇబ్బందీ రాలేదు, కానీ ఇది అధికారిక పద్ధతి కూడా కాదు. స్క్రిప్టులతో పెట్టుకోలేం అనుకుంటే వీఆర్‌సీఎక్స్‌లోనే ఒక్కొక్కరి పేజీ తెరిచి షో, హైడ్ మార్చుకోవచ్చు. ఉచితం, కోడ్ కూడా అందరికీ కనబడుతుంది. ఏడువందల మందిని అలా మార్చాలంటే మాత్రం ఆదివారం మొత్తం పోతుంది.

ఇంకొకటి, ఈ ఫైల్ మీ కంప్యూటర్లోనే ఉంటుంది. పీసీ మార్చినా, విండోస్ కొత్తగా వేసినా ఆ ఫోల్డర్ కాపీ చేసుకోకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. పీసీ లేకుండా క్వెస్ట్ ఒక్కటే వాడుతుంటే నా స్క్రిప్ట్ పనికిరాదు, మెనూలో ఒక్కొక్కరినీ మార్చుకోవాల్సిందే.