బెంగళూరు నుంచి ఓర్వకల్లుకి: అమ్మని ఫ్లైట్‌లో తీసుకెళ్లేముందు

చిట్టీ,

నిన్న ఫోన్‌లో "మామా, టికెట్ మీద గంట చిల్లరే ఉంది, తొమ్మిదికి ఇంట్లో బయల్దేరితే పన్నెండుకి నంద్యాలలో ఉంటాం" అన్నావు చూడు, అప్పట్నుంచి నాకు మనసాగలేదు. ఆ లెక్క తప్పమ్మా.

బెంగళూరు ఎయిర్‌పోర్టుండే దేవనహళ్లి నుంచి కర్నూలు ఎయిర్‌పోర్టుండే ఓర్వకల్లుకి నేరుగా గీత గీస్తే 280 కిలోమీటర్ల పైచిలుకు, ఏటీఆర్ అనే ఆ చిన్న ఫ్యాన్ల విమానం గంటకి 500 దాకా పోతుంది కాబట్టి గాల్లో ఉండేది నిజంగా కొంచెంసేపే. మిగతాదంతా విమానం నేల మీద రన్‌వే దాకా పోవడం, దిగాక ఆగేచోటికి రావడం. కానీ నువ్వుండేది ఎలక్ట్రానిక్ సిటీలో. 2008లో ఎయిర్‌పోర్టు ఊళ్లోని పాత హెచ్ఏఎల్ నుంచి దేవనహళ్లికి వెళ్లిపోయాక మీ వైపువాళ్లకి ఊరంతా దాటడమే అసలు ప్రయాణం, సిల్క్ బోర్డ్ జంక్షన్ ఒకటి, హెబ్బాళ జంక్షన్ ఒకటి, రెండుచోట్లా ట్రాఫిక్ పట్టుకుందంటే రెండున్నర గంటలు ఎటో పోతాయి. ఒకసారి పెళ్లికి పోతూ హెబ్బాళలోనే ఇరుక్కుపోయి ఫ్లైట్ మిస్సయ్యా, తాళి కట్టడం ఫోన్‌లో చూశా, ఇప్పటికీ బాధే నాకు. బ్యాగ్ తీసుకునే కౌంటర్ గంట ముందే మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు, ఎంత బతిమాలినా తియ్యరు. అందుకే ఫ్లైట్‌కి నాలుగు గంటల ముందే ఇల్లు కదులు. ఒక్కదానివే అయితే కేఐఏ-8 ఎయిర్‌పోర్టు బస్సు చాలు, అక్కతో, అదే మీ అమ్మతో, మాత్రం క్యాబే.

మొత్తం కలిపితే ఇంటి నుంచి ఇంటికి ఆరు, ఆరున్నర గంటలు. కారులో ఏడు. అంటే మిగిలేది పెద్దగా లేదు. అయినా వద్దని చెప్పను, ఎందుకంటే అక్క మోకాళ్లకి కారులో అన్ని గంటలు ముడుచుకుని కూర్చోవడం నరకం. బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ అడుగు, డబ్బులేం తీసుకోరు, లోపల నడక చాలా ఉంటుంది, "నాకెందుకే" అంటుంది, వినొద్దు. ఏటీఆర్‌లో పైన సామాన్ల అర చిన్నది, పెద్ద బ్యాగ్ కౌంటర్‌లోనే వేసెయ్, 15 కిలోలు దాటకుండా చూసుకో, మందులు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి.

ఇంకోటి, డిసెంబర్ జనవరిలో అయితే తెల్లవారుజాము ఫ్లైట్ అసలు వద్దు, దేవనహళ్లిలో పొగమంచు పడితే గంటలు గంటలు కూర్చోబెడతారు. ఆ రోజు సర్వీసు ఉందో లేదో కూడా ముందే చూడు, లేకపోతే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎలాగూ నంద్యాల మీదుగానే పోతుంది, లోయర్ బెర్త్ దొరికితే అక్క హాయిగా పడుకుని వస్తుంది.

ఓర్వకల్లు కర్నూలుకి దగ్గర, మన నంద్యాలకి ఇంకో గంట దారి. 2021 మార్చిలో తెరిచారు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు, మన రేనాటి మనిషి పేరు అక్కడ చదువుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. చిన్న ఎయిర్‌పోర్టు, గబగబా బయటికి వచ్చేస్తారు, కానీ మన బెంగళూరులో లాగా ఫోన్ నొక్కగానే క్యాబ్ వస్తుందనుకోకు. బావకి ఇప్పుడే చెప్పు, మీరు దిగేసరికి కారు తీసుకుని గేటు దగ్గర ఉండమను, అక్కకి నడుము కింద పెట్టుకోడానికి ఒక దిండు కూడా వెయ్యమను.

మామ