బ్రేకు వేసిన కారు వెనక్కి వెళ్లదు

చిరంజీవి నానికి,
పెదనాన్న ఆశీస్సులు.

సమ త్వరణం (వేగం ప్రతి సెకనుకూ ఒకే మోతాదులో మారడం) లెక్కల్లో ఏ సూత్రం వాడాలో తేలక టెన్షన్ పడుతున్నానని రాశావు. "యూటీ ప్లస్ హాఫ్ ఏటీ స్క్వేర్" (యూ తొలి వేగం, ఏ త్వరణం, టీ కాలం) నీకు నోటికి వచ్చు, నాకు తెలుసు. కాసేపు దాన్ని పక్కన పెట్టు. త్వరణం మారనప్పుడు వేగం ఒకే తీరుగా పెరుగుతుంది. అందుకే తొలి వేగాన్నీ తుది వేగాన్నీ కూడి సగం చేస్తే సరాసరి వేగం వస్తుంది. దాన్ని కాలంతో గుణిస్తే స్థానభ్రంశం, అంటే బయల్దేరిన చోటికీ చేరిన చోటికీ మధ్య దూరం. తుది వేగం ఇవ్వకపోతే దాని చోట 'తొలి వేగం + త్వరణం × కాలం' పెట్టి చూడు, నువ్వు బట్టీ పట్టిన సూత్రమే బయటికొస్తుంది. కాలం ఇవ్వకపోతే రెండు వేగాల వర్గాల తేడాను త్వరణానికి రెట్టింపుతో భాగించు. త్వరణం మధ్యలో మారితే మాత్రం లెక్కను ముక్కలు చేసుకోవాల్సిందే.

అసలు దెబ్బతినేది బ్రేకు లెక్కల దగ్గర. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారుకు బ్రేకు వేశారు, వేగం ప్రతి సెకనుకూ 5 మీ/సె చొప్పున తగ్గుతోంది, 6 సెకన్లలో ఎంత దూరం పోతుంది? గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చడానికి 72ని 5/18తో గుణిస్తే 20 మీ/సె. నేరుగా సూత్రంలో వేస్తే 120లో 90 పోను 30 మీటర్లు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ తప్పు. కారు 4 సెకన్లకే ఆగిపోయింది. సరాసరి వేగం 10, కాలం 4, జవాబు 40 మీటర్లు. మిగతా 2 సెకన్లలో కారు 10 మీటర్లు వెనక్కి వచ్చిందని సూత్రం లెక్కేసింది, దానికేం తెలుసు పాపం! రుణ త్వరణం (వేగాన్ని తగ్గించేది) కనపడగానే ముందు ఆగే కాలం కట్టు.

పైకి విసిరిన బంతి నిజంగానే వెనక్కి వస్తుంది, అక్కడ సూత్రం సరిగ్గానే పనిచేస్తుంది. 20 మీ/సెతో విసిరితే, గురుత్వ త్వరణం 10 అనుకుంటే, 3 సెకన్లకు స్థానభ్రంశం 15 మీటర్లు. తిరిగిన దూరం మాత్రం పైకి 20, కిందికి 5, మొత్తం 25. అడిగింది ఏదో చూసుకుని రాయి. వేగం-కాలం గ్రాఫ్ గీస్తే ఈ తేడా కంటికే కనిపిస్తుంది: గీత అక్షం కిందికి దిగిన చోట వైశాల్యాన్ని స్థానభ్రంశం కోసం తీసేస్తాం, దూరం కోసం కలుపుతాం.

ఇంకొకటి. '5 సెకన్లలో' వేరు, '5వ సెకనులో' వేరు. నిశ్చల స్థితి నుంచి 2 మీ/సె² త్వరణంతో బయల్దేరితే మొదటిదానికి 25 మీటర్లు, రెండోదానికి 9. ఒక్కో సెకనులో కదిలే దూరాలు 1, 3, 5, 7, 9 నిష్పత్తిలో ఉంటాయని గెలీలియో ఎప్పుడో చెప్పాడు. జవాబు సరిచూసుకోవడానికి అది చాలు.

మీ పెదనాన్న