నాన్నగారితో నైనా పీక్: చెరువు గట్టు నుంచి వద్దు

అరవై దాటిన మీ నాన్నగారు నైనితాల్‌లో నైనా పీక్ ఎక్కగలరా, మోకాళ్లు పట్టేస్తాయేమో అని అడిగారు. ఎక్కగలరు, కానీ సరస్సు దగ్గర నుంచి నడక మొదలుపెట్టకండి. సరస్సు సుమారు 1,938 మీటర్ల ఎత్తున ఉంది, శిఖరం 2,615 మీటర్లు. కిల్బరీ వెళ్లే రోడ్డు మీద కొంత దూరం టాక్సీలో వెళ్లి, అక్కడ అడవి దారి పట్టండి. సగం ఎక్కుడు టాక్సీయే ఎక్కేస్తుంది.

మోకాళ్లను అసలు ఏడిపించేది దిగుడు. దారి నిండా రాలిన ఓక్ ఆకులు. మంచుకు తడిస్తే సబ్బు మీద కాలు వేసినట్టే. నేను రెండుసార్లు కూలబడ్డాను, రెండూ దిగేటప్పుడే. చేతికర్ర ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. ఈలోగా రెండు వారాలు గోల్కొండలో బాలాహిసార్ మెట్లు ఎక్కించి, దించండి. దింపడమే ముఖ్యం.

చేరిన రోజే కొండ ఎక్కకండి. హైదరాబాద్ వాళ్లకు ఆ ఎత్తులో ఆయాసం సహజం. మర్నాడు తెల్లవారగానే బయలుదేరితే, ఆకాశం తేటగా ఉన్న రోజున, కింద సరస్సు, ఉత్తరాన నందాదేవి శిఖరం రెండూ కనిపిస్తాయి. మధ్యాహ్నానికి మబ్బు కమ్ముకోవచ్చు.